పైడయ్యకు కన్నుకుట్టిన గూడు

చెరకు తోట మధ్యలో ఒక బావి, ఆ బావి గట్టున ఒక తాటిచెట్టు ఉన్నాయి. చెట్టు చిన్నప్పుడే నీళ్ళ మీదికి వంగిపోయి, అలా వంగే పెద్దదైంది. మనుషులకు అది దండగమారి చెట్టు. కల్లు గీద్దామని ఎక్కినవాడు బావిలో పడతాడు, ముంజెలు కోస్తే అవీ బావిలోనే పడతాయి. అందుకే గిజిగాళ్ళకు అది బంగారం. పాము పాకదు, పిల్లి దూకదు. తొలకరి చినుకులు పడి చెరకు ఆకు పచ్చబడిందంటే చాలు, తాటాకుల చివర్ల నుంచి గూళ్ళు వేలాడటం మొదలవుతుంది.

గిజిగాళ్ళలో పెళ్ళిచూపులు పెళ్ళికొడుక్కి కాదు, ఇంటికి జరుగుతాయి. మగపక్షి తల ఎంత పసుపుగా మెరిసినా, ఎంత తియ్యగా ఈల వేసినా ఆడపక్షులు లెక్కచెయ్యరు. వాడు ముందుగా సగం గూడు అల్లి పెట్టాలి. అది బోర్లించిన టోపీలా ఉంటుంది. ఆడపక్షులు వచ్చి అందులో కూర్చుంటారు, ముడులు లాగుతారు, ఊగి చూస్తారు. నచ్చితే ఉండిపోతారు, అప్పుడు వాడు గుడ్లగదీ, కిందికి దిగే గొట్టమూ పూర్తిచేస్తాడు. నచ్చకపోతే మళ్ళీ మొదటి పోగు నుంచి మొదలు. ఇదంతా ఆకు పచ్చగా ఉండగానే జరిగిపోవాలి. ఎండి రంగు మారిన గూటిని ఏ ఆడపక్షీ కన్నెత్తి చూడదు.

పైడయ్య అనే గిజిగాడు కిందటేడు మూడు గూళ్ళు కట్టాడు. మూడూ ఖాళీగా ఎండి, గాలివానకు ఒకదాని వెనక ఒకటి బావిలో రాలిపోయాయి. చెట్టంతా పిల్లల కిచకిచలతో గోలగా ఉంటే తన ఆకు మీద తానొక్కడే కూర్చున్నాడు. ఆ అవమానం వాడింకా మరిచిపోలేదు. ఈ ఏడు కూడా ఎవరూ రాకపోతే ఈ చెట్టు మీద మొహం చూపించలేనని ముందే అనుకున్నాడు.

పైడయ్య చేతకానివాడేం కాదు. చెరకాకు అంచును ముక్కుతో కొరికి సర్రున చీల్చాడంటే పోగు మొదలు నుంచి చివరి దాకా ఒకే వెడల్పున వచ్చేది. ఒంట్లో వంకరంటే తోకలో ఒక్క ఈకే. చిన్నప్పుడు చేపల వలలో చిక్కుకుని అది పక్కకు తిరిగిపోయింది. వాడికి వచ్చిన చిక్కల్లా మెడతోనే. రెండు పోగులు అల్లాడో లేదో మెడ పక్క ఆకు వైపు తిరిగేది. అక్కడ సిమ్మన్న ఎంత అల్లాడో చూడాలి. సిమ్మన్న మూడు పోగులు అల్లి ఉంటే ఆ పూట వీడికి గింజ గొంతు దిగదు.

నిజానికి సిమ్మన్న పనిలో అంత గొప్పేమీ లేదు. వాడి మొదటి గూటిని ఇద్దరు ఆడపక్షులు చూసి, ఇద్దరూ ముక్కు తిప్పుకుని పోయారు. వాడు కాసేపు తల గోక్కుని, రెండోది మొదలుపెట్టాడు. అంత అవమానం జరిగాక ఎవడైనా పాట పాడుతూ పనిచేస్తాడా? సిమ్మన్న పాడేవాడు. పైడయ్యకు ఆ పాట కూడా కన్నుకుట్టేది.

బావి నీళ్ళలో ఒక ముసలి తాబేలు ఉండేవాడు. అందరూ తాత అనేవారు. పైడయ్య మెడ తిప్పినప్పుడల్లా తాత నీళ్ళలోంచి తల ఎత్తి చూసి నవ్వుకునేవాడు.

"ఒరే మనవడా, అటు సూసే బదులు ఓపాలి కిందికి దిగొచ్చి నీ గూడు నువ్వు సూసుకో," అన్నాడు ఒకరోజు. "మీ గూళ్ళు ఎలాగుంటాయో మీకెవలికీ తెల్దు. నాకు తెలుసు. నేను కింద నుంచి సూస్తాను కదా."

తన గూడు తాను చూసుకోవడానికి కూడా తీరిక ఉంటుందా అన్నాడు పైడయ్య. అల్లేవాడు గూటిని పట్టుకుని అల్లుతాడు, లోపల కూర్చుని బిగిస్తాడు. బయటికొచ్చి, కిందికి దిగి, తల ఎత్తి చూసే అలవాటు ఆ జాతిలోనే లేదు.

అంతలో పారమ్మ వచ్చింది. పారమ్మ ఆ ఏడు చెట్టుకు వచ్చిన ఆడపక్షుల్లో అందరికన్నా ఆచితూచి అడుగేసే మనిషి. పైడయ్య గూటిలో కూర్చుంది. ముడులు లాగింది, ఒకటికి రెండుసార్లు. గట్టిగా ఊగింది.

"ముడులు బిగువుగున్నాయి. గుమ్మం వంపు నాకు బాగా నచ్చినాది," అంది పారమ్మ. "మరి మట్టేది?"

"మెత్తుతాను."

"మట్టి బరువు లేకపోతే గాలికి గూడు గిర్రున తిరుగుద్ది. నా గుడ్లు తాతకి పలహారం అయిపోతాయి. మూడు రోజులు సూస్తాను. నాలుగో పొద్దున వస్తాను."

ఆమె ఎగిరిపోయాక పైడయ్యకు తోకలో వంకర ఈక కూడా తిన్నగా నిలబడినట్టనిపించింది. మూడు రోజులు అక్కర్లేదు, ఒక్కరోజులో మెత్తేస్తాననుకున్నాడు. మోటారు షెడ్డు దగ్గర గొట్టం కారి ఎప్పుడూ మెత్తటి బంకమట్టి ఉంటుంది. మర్నాడు పొద్దున్నే అక్కడికి బయల్దేరి, దారిలో అలవాటు కొద్దీ ఒక పోగు చీల్చి ముక్కున కరుచుకున్నాడు.

షెడ్డు కప్పు మీద నూకాలు కూర్చుని ఉంది. నూకాలు కాకి. ఆ రోజుల్లో ఆవిడా గూడు కడుతోంది. కాకి గూడు సంగతి తెలిసిందే కదా: నాలుగు ఎండు పుల్లలు, షెడ్డు చుట్టుపక్కల దొరికిన కట్టుతీగ ముక్కలు. కిందటేడు ఆ తీగలు గుచ్చుకుని రెండు గుడ్లు పగిలిపోయాయి. ఈసారి లోపల మెత్తగా ఏదైనా పరవాలని ఆవిడ నెల నుంచీ వెతుకుతోంది. పైడయ్య నోట్లో పచ్చటి పోగును చూడగానే ఆవిడ కళ్ళు దాని మీదే నిలిచాయి. అడిగితే ఎవడిస్తాడు? అడగకుండా ఇచ్చే దారి ఆలోచించింది.

"మట్టికా బావూ," అంది. "మంచిదే. కష్టపడీవోలు కష్టపడాల, పేరొచ్చీవోలకి పేరొస్తాది."

పైడయ్య మట్టి మీద వాలబోయి ఆగాడు. "పేరేటి? ఎవలికొచ్చినాది?"

"నీకు తెల్దేటి? మీ సిమ్మన్న గూడు ఫోన్లోకెక్కిపోనాది. పన్నెండు వేలమంది సూసినారు."

షెడ్డు కిటికీలో నిజంగానే ఒక పాత ఫోను ఉంది. మోటారు చూసే అప్పన్న కొత్తది కొనుక్కున్నాక, గాజు పగిలిన ఈ పాతదాన్ని పాటల కోసం ఛార్జింగు తీగకు తగిలించి అక్కడే వదిలేశాడు. నూకాలు రెండు నెలలు ఎదురుగా కూర్చుని, అప్పన్న వేలు ఎటు జరిగితే ఏం జరుగుతుందో చూసి నేర్చుకుంది. పొడి ముక్కుతో ఎంత పొడిచినా ఫోను ఉలకదు. ముక్కు నీళ్ళలో ముంచి మీటితే పలుకుతుంది. ఈ రహస్యం తోట మొత్తం మీద ఆవిడకొక్కదానికే తెలుసు.

నూకాలు ముక్కు తడుపుకుంది. ఫోను జారిపోతుందంటూ ఒక కాలు దాని కింది మూల మీద గట్టిగా ఆనించింది. ముక్కుతో ఒక మీటు మీటింది.

సాయంత్రం ఎండలో, ఎవరో బావి మెట్ల మీద నిలబడి తలెత్తి తీసిన వీడియో అది. తాటాకు చివర ఒక సగం గూడు మెల్లగా ఊగుతోంది. ఎండ పోగుల మధ్య నుంచి దూరి ఒక్కో పోగునూ బంగారు తీగ చేసింది. గుమ్మం వంపు చూస్తే ఎవరికైనా లోపలికి దూరిపోవాలనిపిస్తుంది. పైడయ్య ఇంత అందమైన గూడు పుట్టాక చూడలేదు. చూసిన మరుక్షణం వాడి కడుపులో మంట రేగింది.

"ఇది సిమ్మన్నదా?"

"మరెవలిది?"

"పక్కనే ఉంటాను. నేను సూసినప్పుడు ఇలాగ లేదు."

"నువ్వు పక్క నుంచి సూస్తావు, పై నుంచి సూస్తావు," అంది నూకాలు. "లోకం కింద నుంచి సూస్తాది బావూ. అందుకే నీకు తెల్దు, లోకానికి తెలుసు."

పైడయ్యకు ఆ మాట ముల్లులా దిగింది. ఇంకోపాలి చూపించమన్నాడు. ఉత్తినే ఎన్నిసార్లు చూపించను, ముక్కు నానీ నానీ పొక్కిపోతోంది అంది నూకాలు. ఆ నోట్లో పోగు ఇటు పెట్టమంది. పోగుదేముంది, తోట నిండా చెరకే కదా అనుకుని ఇచ్చేశాడు. రెండోసారి చూశాక ఎగిరి వెళ్ళి ఇంకో పోగు చీల్చుకొచ్చాడు. తరవాత ఇంకోటి. ఆ రోజు మట్టి ముద్ద ఒక్కటి కూడా బావి దగ్గరికి వెళ్ళలేదు.

రెండో రోజు మట్టికనే బయల్దేరాడు. ముందొక్కసారి సిమ్మన్న లెక్క ఎంతయిందో తెలుసుకుని, తరవాత మట్టి ముట్టుకుందామనుకున్నాడు. నూకాలు ఫోన్లోకి తొంగి చూసి, పద్దెనిమిది వేలంది. మధ్యాహ్నానికి ఇరవై అంది. పైడయ్యకు ఒక్కో వెయ్యీ ఒక్కో దెబ్బలా తగిలింది. అయినా మళ్ళీ మళ్ళీ అడిగాడు. పుండును గోక్కుంటే నొప్పి అని తెలిసీ గోక్కోకుండా ఉండగలమా?

వీడియో కింద రెండు బొటనవేళ్ళ బొమ్మలుండేవి. ఒకటి పైకీ ఒకటి కిందికీ.

"ఆ కిందికున్న యేలు నొక్కితే ఏటవుద్ది?" అని అడిగాడు.

"బాగోలేదని సెప్పినట్టు."

"నొక్కు."

నూకాలు వాడి వైపు ఒక వింత చూపు చూసి, ముక్కు తడిపి నొక్కింది. ఆ పూట పైడయ్యకు కాస్త ఆకలేసింది. అప్పటి నుంచీ వచ్చినప్పుడల్లా ఆ గూటికి వంకలు వెతకడమే వాడి పని. గుమ్మం మరీ అంత వంపు దేనికన్నాడు. ముడులు ఊరికే సోకు కోసం వేసినట్టున్నాయన్నాడు. వంక చెప్పిన ప్రతిసారీ ఇంకోసారి చూడాల్సి వచ్చేది, చూసిన ప్రతిసారీ ఒక పోగు వదిలేది.

సిమ్మన్న గూడు అయిపోగానే ఫోను తనంతట తానే ఇంకేవో చూపించేది. గొడుగు పట్టుకుని గంతులేసే చిలక, మంచం మీద నుంచి దొర్లిపడే పిల్లి, పది రకాల పచ్చళ్ళు పట్టే ముసలావిడ. గిజిగాడికి ఆవకాయతో పనేముంది? అయినా పదీ చూశాడు. తలెత్తేసరికి ఎండ షెడ్డు గోడ అవతలికి జారిపోయి ఉండేది. మట్టికి రేపొస్తాలే అనుకుంటూ ఖాళీ ముక్కుతో ఇంటికెళ్ళేవాడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. వీడు దీపం పట్టుకుని పొరుగింటి గోడ చూస్తూ కూర్చున్నాడు.

నాలుగో పొద్దున పారమ్మ చెప్పినట్టే వచ్చింది. గూట్లో మట్టి లేదు, పైడయ్యా లేడు. కాసేపు కూర్చుంది. వెళ్ళి నాలుగు గింజలు తినొచ్చి మళ్ళీ కూర్చుంది. పైడయ్య మధ్యాహ్నానికి వచ్చాడు.

"మట్టేది?" అంది పారమ్మ.

"ఈ గూడు వొగ్గీ పారమ్మా. దీనికన్న మంచిది కడతాను. సిమ్మన్న గూడు లాంటిది."

"సిమ్మన్నది సూసే వచ్చినాను. రెండోది కూడా సూసినాను. నాకు ఇదే నచ్చినాది."

పైడయ్య ఆ మాటను మరోలా తీసుకున్నాడు. జాలి పడుతోంది అనుకున్నాడు. నూకాలు చివరి లెక్క ప్రకారం ముప్పై వేలమందికి తెలిసిన విషయం ఈమెకు తెలియకుండా ఉంటుందా? ఇవాళ జాలిపడి ఉంటుంది, రేపు సిమ్మన్న గూటిని కింద నుంచి చూసిన రోజున వెళ్ళిపోతుంది. చెట్టంతా నవ్వుతుంది. కిందటేటి నవ్వే ఇంకా చెవుల్లో ఉంది.

పారమ్మ మాత్రం తేల్చి చెప్పింది. "గుడ్ల వేళ దగ్గరకొచ్చేసినాది. నాకు అందం సాలు, మట్టి కావాల. రేపు పొద్దెక్కీదాకా ఆగుతాను. అంతకన్నా ఆగలేను."

ఒక్క పూట పని. షెడ్డుకు ఆరుసార్లు ఎగిరొస్తే చాలు, మట్టి పని అయిపోతుంది. పారమ్మ ఉండిపోతుంది, ఈ ఏడు ఆ ఆకు మీద పిల్లలు కిచకిచలాడతారు. ఆ సంగతి పైడయ్యకు తెలుసు. తెలిసే, ముడి మీద ముక్కు పెట్టి గూడు పీకడం మొదలుపెట్టాడు.

కింద నీళ్ళలో పోగులు పడుతుంటే తాత తల ఎత్తాడు. "ఏటి మనవడా ఇది. నిక్షేపంగున్న గూటిని ఎందుకు పీకుతున్నావు?"

"బాగోలేదు కాబట్టి."

"బాగోలేదని ఎవలు సెప్పినారు? వారం నుంచీ ఎండేళ దీన్నే సూస్తన్నాను నేను. దిగొచ్చి ఓపాలి సూడు. ఆ మీదట నీ ఇష్టం."

"తాతా, నువ్వు ఫోను సూసినావా? సూల్లేదు కదా. బావిలో ఉన్నోడివి, నీకు లోకం గురించి ఏటి తెలుసు," అన్నాడు పైడయ్య. ముడి తరవాత ముడి విప్పేశాడు.

తాత తల నీళ్ళలోకి లాక్కున్నాడు. మాట వినేవాడికి చెప్పొచ్చు, కడుపు మండేవాడికి ఏం చెబుతాం. గట్టు మీద పడ్డ పోగుల్ని నూకాలు వచ్చి ఒక్కొక్కటే ఏరుకుపోయింది. పాపం, గట్టు శుభ్రం చేస్తోంది అనుకున్నాడు పైడయ్య.

తరవాత వాడు కొత్త గూడు మొదలుపెట్టాడు. ఫోన్లో చూసిన గూడు లాంటిదే రావాలి. గుమ్మం వంపు ఎలా ఉందో గుర్తు రాక షెడ్డుకు పరుగెత్తాడు, ఒక పోగిచ్చి చూసొచ్చాడు. పైముడి ఎటు తిరిగిందో మర్చిపోయి మళ్ళీ పరుగెత్తాడు. అలా చూసినప్పుడల్లా తను అల్లింది తప్పనిపించి విప్పేశాడు. వాడి ముక్కుకు పుట్టుకతో వచ్చిన వంపే అది. కళ్ళు మూసుకుని అల్లితే దానంతటదే వచ్చేది. చూసి అల్లబోయాడు కాబట్టే రాలేదు. పొద్దుగూకేసరికి ఆకు చివర ఒక ఉంగరం మాత్రం వేలాడుతోంది.

మర్నాడు పొద్దెక్కకముందే పారమ్మ వచ్చి ఆ ఉంగరం మీద వాలింది. దాని మధ్య నుంచి కింద బావి నీళ్ళు కనబడుతున్నాయి.

"ఉన్న ఇల్లు కూడా లేకుండా సేసుకున్నావు పైడయ్యా," అంది. ఆమె గొంతులో కోపం లేదు, బాధ ఉంది. అదే వాడికి ఎక్కువ గుచ్చుకుంది.

పైడయ్య షెడ్డు చుట్టూ తిరిగిన రోజుల్లో అల్లిన సిమ్మన్న మూడో గూడు పక్క ఆకు మీద సిద్ధంగా ఉంది. లోపల రెండు వైపులా తడిమట్టి మెత్తి ఉంది. పారమ్మ వెళ్ళి కూర్చుంది, లాగింది, ఊగింది. ఇక బయటికి రాలేదు. కాసేపట్లోనే సిమ్మన్న గొట్టం అల్లడం మొదలుపెట్టాడు, పాట పాడుతూనే.

ఒక పోగు అల్లి సిమ్మన్న పైడయ్య దగ్గరికి వచ్చి వాలాడు. "అన్నా, నీకో మాట సెప్పాలని ఎప్పటి నుంచో అనుకుంటన్నాను. నా రెండు గూళ్ళూ ఎవలికీ నచ్చనేదు. అప్పుడు నీ గుమ్మం వంపు సూసి, అలాగే వంచినాను. మూడోది నిలబడ్డాది. నీ దయే అది. మరి నీ గూడు నువ్వెందుకు పీకేసుకున్నావు?"

వాడు మనసారా అన్నాడు. పైడయ్యకు మాత్రం అది పుండు మీద కారంలా తగిలింది. లోకమంతా మెచ్చుకున్న గూడు కట్టినవాడు, నీ దగ్గరే నేర్చుకున్నానని ఎగతాళి చేస్తాడా? ఇక ఆగలేకపోయాడు. ఆ కిందికున్న వేలు ఇవాళ పదిసార్లు నొక్కించాలనుకుని షెడ్డుకు ఎగిరాడు. దారిలో జల్లు మొదలైంది.

షెడ్డు దగ్గర నూకాలు లేదు. రెండుసార్లు పిలిచాడు, పలకలేదు. పైడయ్య ఫోను మీద వాలి, కోపంతో ముక్కుతో ఒక్క పోటు పొడిచాడు. జల్లుకు ముక్కు తడిసే ఉంది. ఫోను పలికింది.

అదే ఎండ, అదే ఆకు, అదే గూడు. ఈసారి కింది మూలన కాకి కాలు లేదు. అన్ని రోజులు పైడయ్య ఆ మూలను చూడనేలేదు.

గూడు ఊగుతోంది. ఆ మూలన, గుమ్మం కింది అంచు నుంచి ఒక గిజిగాడు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చాడు. ముందు తోక వచ్చింది. తోకలో ఒక ఈక వంకర. తరవాత పసుపు తల వచ్చింది. రెండు పోగులు అల్లాడో లేదో, ఆ తల పక్క ఆకు వైపు తిరిగింది.

పైడయ్య తన తోక వైపు చూసుకున్నాడు. మళ్ళీ ఫోను వైపు చూశాడు. వాడికి ఏం అర్థమైందో చెప్పనక్కర్లేదు. వీడియో అయిపోయింది, గొడుగు చిలక వచ్చింది, గంతులేసింది. వాడు కదల్లేదు.

తరవాత నూకాలు గూటికి వెళ్ళాడు. కరెంటు స్తంభం మీద, కట్టుతీగల మధ్య ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ కింద చెరకాకు పోగులు ఒత్తుగా, మెత్తగా పరిచి ఉన్నాయి. ఒకే వెడల్పున చీల్చిన పోగులు. వాటి మీద నాలుగు గుడ్లు.

"అది నా గూడు," అన్నాడు పైడయ్య.

"ఔను," అంది నూకాలు. కొంచెం కూడా తడబడలేదు.

"సిమ్మన్నదని ఎందుకు సెప్పినావు?"

"నీదని సెప్తే ఏటి సేసుందువు బావూ? ఓపాలి సూసి, మురిసిపోయి, ఎల్లి మట్టి మెత్తుకుందువు. రెండోపాలి వచ్చుందువా? సిమ్మన్నదని సెప్పినాను కాబట్టే అన్నిసార్లు వచ్చినావు, అన్ని పోగులు ఇచ్చినావు."

పైడయ్య ఆ పోగుల వైపు చూశాడు. "ఆ ముప్పై వేలూ?" అన్నాడు. నాదే అయితే ఆ ముప్పై వేలూ నావే కదా అన్న ఆశ ఒకటి వాడిలో ఇంకా కొట్టుకుంటోంది.

"నాకు లెక్కలెక్కడొచ్చు. నువ్వు రోజూ అడిగీవోడివి, నేను రోజూ సెప్పీదాన్ని." నూకాలు గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. "ఒక్కటి మాత్రం నాకూ తెలుస్తాది. ఒకటంటే నిలువు గీతే కదా. ఆ కిందికున్న యేలు పక్కన గీత ఒక్కటే ఉన్నాది. నీ గూడు బాగోలేదన్నోడు ఈ లోకంలో ఒక్కడే బావూ."

పైడయ్య తిరిగి బావి దగ్గరికి వచ్చాడు. చెట్టెక్కలేదు. పుట్టాక మొదటిసారి కిందికి దిగి, బావి మెట్టు మీద తాత పక్కన వాలాడు. జల్లు వెలిసి సాయంత్రం ఎండ వచ్చింది. తల ఎత్తి చూశాడు. ఆకు ఆకుకూ గూళ్ళు ఊగుతున్నాయి. సిమ్మన్నది, పక్కవాడిది, ఆ పక్కవాడిది, అన్నీ బంగారు రంగులో మెరుస్తున్నాయి. వాటి మధ్య ఒక్క ఆకు చివర ఖాళీ ఉంగరం ఉంది, దాని లోంచి ఆకాశం కనబడుతోంది.

"ఇప్పుడు సూస్తన్నావా మనవడా," అన్నాడు తాత.

చూస్తూనే ఉన్నాడు పైడయ్య. చూడటానికి తనదంటూ ఏమీ మిగల్లేదు.

కడుపుమంటతో చూసేవాడికి సొంత గూడు కూడా పొరుగువాడిదిగానే కనబడుతుంది.